మాయింటాకు

కుప్పమ్మ గంపలో ఎనిమిది రకాల ఆకులుండేవి. ఆమె నోట ఏడింటి పేర్లే వచ్చేవి.

"సిర్రాకమ్మో, దొగ్గలాకమ్మో, సెంచలాకు, గలిజేరాకమ్మో" అని ఏడు పేర్లూ గొంతెత్తి చెప్పి, ఎనిమిదోదాని దగ్గరికి వచ్చేసరికి స్వరం తగ్గించి, "కంటికి మంచి కూర గూడా ఉండాది" అనేది. తిరుపతిలో తీర్థకట్ట వీధి ఇల్లాళ్ళకు ఇది అలవాటైపోయింది. కొత్తగా కాపురానికొచ్చినవాళ్ళెవరైనా "ఏమది, పొన్నగంటాకేనా?" అని అడిగితే తల ఊపేది. కొంటెవాళ్ళు మాత్రం అది ఏ ఆకో తెలిసి కూడా, "ఏం కూర కుప్పమ్మా? పేరు చెప్తేనే తీసుకుంటాం" అని పట్టుబట్టేవాళ్ళు.

"తీసుకుంటే తీసుకోండమ్మా, లేకుంటే లేదు. నాతో ఎందుకీ తమాషా" అని కుప్పమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని గంప ఎత్తుకోబోయేది.

ఆమె మొగుడి పేరు పొన్నయ్య.

మొగుడి పేరు పెండ్లాం పలికితే అతని ఆయుష్షు తరుగుతుందని ఆ పక్క ఊళ్ళలో నమ్మకం. పేరే కాదు, పేరులో సగం ఉన్న మాట కూడా నోట రాకూడదు. కుప్పమ్మ పొరుగింటి వరదమ్మ మొగుడు దేవరాజులు. అందుకని వరదమ్మ ఎంత పెద్ద కష్టమొచ్చినా "దేవుడా" అనదు, "పైవాడా" అంటుంది. అది ఎవరికీ ఎబ్బెట్టుగా ఉండదు. కుప్పమ్మ చిక్కల్లా ఆమె బతుకుతెరువు ఆ పేరుతోనే ముడిపడి ఉండడం.

వాళ్ళ ఊరు కాలవపల్లె. స్వర్ణముఖిలో నీళ్ళు ఏడాదికి రెండు నెలలు కనిపిస్తే గొప్ప, కానీ ఇసక కింది నుంచి ఊటకాలవ ఒకటి ఊరి మళ్ళలోకి పారుతుంది. ఆ కాలవ గట్టు వెంబడి, వరిమళ్ళ మూలల్లో, నీళ్ళు నిలిచిన చోటల్లా పొన్నగంటి పుడుతుంది. ఎవరూ విత్తనం చల్లరు. తొలివానలకు తీగ సాగి, కణుపు నేలకు తగిలిన చోటల్లా వేరు దిగి, ఆకుల సందుల్లో పేలాల తునకల్లాంటి తెల్లపూలు పూసి, ఎండలు ముదిరేసరికి ఎండిపోతుంది. మరుసటేడు మళ్ళీ అదే చోట తలెత్తుతుంది.

కుప్పమ్మ తెల్లవారగానే కాలవలో దిగేది. పీకితే మళ్ళీ రాదు కాబట్టి చిగుళ్ళు మాత్రమే గిల్లేది. గిల్లిన కొసన పూత ఉంటే గోటితో తీసేసేది. పూత కనిపిస్తే టౌను ఆడవాళ్ళు ముదిరిందంటారు. పిక్కలకు పట్టిన జలగలను ఉప్పురాయితో వదిలించుకుని, కట్టలు అరటినారతో కట్టి, మీద తడిగోనె కప్పి, ఆరు కిలోమీటర్లు నడిచి తిరుపతికి పోయేది.

ఆమె పుట్టిల్లు కార్వేటినగరం పక్క పల్లె. పదహారో ఏట కాలవపల్లెకు కోడలై వచ్చింది. వచ్చిన రెండో రోజు అత్త అక్కమ్మ వడ్డిస్తూ ఉంది. కొత్త కోడలికి కూర నచ్చింది. "అత్తా, ఇంకొంచిం పొన్న..." అనబోయింది. అక్కమ్మ అన్నం చేత్తోనే కోడలి నోరు మూసేసింది.

"మే! ఆ కూర పేరు నువ్వెత్తగూడదు. నేనెత్తొచ్చు, కన్నదాన్ని. నువ్వెత్తితే వానికి కీడు."

మెతుకులంటిన మూతితో కుప్పమ్మ సిగ్గుతో చితికిపోయింది. "మరి ఏమనాలత్తా?"

"ఏమన్నా అనుకో. పేరు మాత్రం వొద్దు."

ఆ రాత్రంతా ఆలోచించుకుందో ఏమో, మర్నాడు గంప తీసుకుని బయల్దేరుతూ, "అత్తా, కాలవకాడికి పోయి మా ఇంటాకు కోసుకొస్తా" అంది. మొగుణ్ణి 'మా ఇంటాయన' అన్నట్టు, ఆకును 'మా ఇంటాకు' అంది. అరుగు మీద పళ్ళు తోముకుంటున్న పొన్నయ్య నోట్లో నీళ్ళు పుక్కున ఉమ్మేసి నవ్వాడు. అప్పటి నుంచి అతను కూడా "ఈ పొద్దు మాయింటాకు చేసినావా?" అని అడిగేవాడు. అలా అడిగినప్పుడల్లా ఆమె ముఖం తిప్పుకునేది. ఆ సిగ్గు వేరు.

ఆరేళ్ళు కాపురం చేశారు. పిల్లల్లేరు. ఒక ఏడు చెరకు గానుగల కాలంలో పొన్నయ్య పుత్తూరు పక్కకు బెల్లం వండడానికి పోయాడు. గానుగ దగ్గర ఇడ్లీలమ్మే ఆమె ఒకతి ఉండేది. గానుగలు నిలిచిపోయినా పొన్నయ్య తిరిగి రాలేదు. అక్కడే కాపురం పెట్టాడనీ, కొడుకు పుట్టాడనీ ఆ దారిన వచ్చినవాళ్ళు చెప్పారు. అక్కమ్మ మూడు రోజులు అన్నం ముట్టలేదు. నాలుగోరోజు లేచి, "వాడు నాకు పుట్టలేదనుకుంటా" అని, కోడలు పెట్టిన గంజి తాగింది. ఆ తర్వాత కొడుకు ఊసే ఎత్తలేదు. ఆ ఇంట్లో అత్తాకోడళ్ళిద్దరే మిగిలారు.

మొగుడు బతికే ఉన్నాడు గనక కుప్పమ్మ మెడలో పసుపుతాడు ఉంది, నుదుట బొట్టు ఉంది. పేరెత్తని కట్టుబాటూ ఉంది. ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతి గనక ఎవరూ ఆమెను కదిలించేవాళ్ళు కాదు. తిరుపతిలో ఎవరికీ తెలియదు. "మీ ఆయనేం చేస్తాడు?" అని ఎవరైనా అడిగితే, "మడికాడ ఉండాడు" అనేది. అలా చెప్పి నాలుగడుగులు వేసేదాకా ఆమెకు వీపంతా మంటగా ఉండేది.

ఎమర్జెన్సీ పోయిన మరుసటేడు, వానాకాలంలో, తీర్థకట్ట వీధి చివరింట్లోంచి ఒక పిల్ల బయటికొచ్చి ఆమెను పిలిచింది. సన్నగా, కళ్ళద్దాలతో, మాట గొంతు దాటి రానట్టుండే పిల్ల. పేరు పంకజాక్షి. బట్టలకొట్టు వాళ్ళ కూతురు. తెలుగు ఎమ్మే చదివి, యూనివర్సిటీలో ఇంకేదో పెద్ద చదువు చదువుతోంది. చేతిలో నోటుబుక్కు.

"అక్కా, నాకు కూర వద్దు, పేర్లు కావాలి" అంది.

"పేర్లేం చేసుకుంటావు పాపా?"

"రాసుకుంటాను. పల్లెల్లో ఆకులకూ చెట్లకూ ఏమేం పేర్లు పెట్టుకున్నారో పోగు చేస్తున్నాను. పుస్తకాల్లో ఉండేవి కాదు, మీరు అనుకునేవి."

కుప్పమ్మకు నవ్వొచ్చింది, గర్వంగానూ అనిపించింది. అరుగు మీద కూర్చుని ఒక్కో ఆకూ తీసి చూపించింది. పంకజాక్షి తలెత్తకుండా రాసుకుంది. చివరికి ఎనిమిదో కట్ట మిగిలింది.

"దీన్ని మేము పొన్నగంటి అంటాము. మీ ఊళ్ళో ఏమంటారు?"

కుప్పమ్మ కట్ట వైపు చూసింది. "మేము మాయింటాకు అంటాం" అంది.

పంకజాక్షి పెన్ను ఆగిపోయింది. "ఏమిటి? మళ్ళీ చెప్పు?"

"మాయింటాకు."

"ఊళ్ళో అందరూ అలాగే అంటారా?"

నేనొక్కదాన్నే అంటానని చెబితే, ఎందుకని అడుగుతుంది. ఎందుకో చెబితే, మీ ఆయన ఎక్కడున్నాడని అడుగుతుంది. కుప్పమ్మ నారముడి బిగిస్తూ, "అందరూ అంతే గదా" అంది.

"మీ ఇంట్లో ఎవరెవరుంటారు?"

"నేనూ, మా అత్తా, మా ఇంటాయనా."

ఆ రెండు అబద్ధాలూ ఎంత తేలిగ్గా వచ్చాయంటే, వీధి మలుపు తిరిగాక గానీ కుప్పమ్మకు చెవులు వేడెక్కలేదు.

తర్వాత వారానికి రెండు సార్లయినా పంకజాక్షి ఆమె కోసం అరుగు మీద ఎదురుచూసేది. లోపల నుంచి కాఫీ తెచ్చిచ్చేది. కుప్పమ్మ కాఫీ తాగుతూ గడ్డి పేర్లు, పురుగుల పేర్లు, మడి మూలలకు పెట్టుకున్న పేర్లు చెప్పేది. అవన్నీ నిజమే. తను చెప్పిన మాటల్ని ఒకరు వంగి కూర్చుని రాసుకోవడం ఆమె బతుకులో ఎప్పుడూ ఎరగదు. ఆ పిల్ల ఎవరితోనూ కలివిడిగా మాట్లాడేది కాదు. తల్లి పిలిచినా ఉలిక్కిపడేది. కుప్పమ్మతో మాత్రం సొంత అక్క కాడికి వచ్చినట్టు మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చునేది.

ఒకరోజు కాగితాలు తెచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"అక్కా, మా సారుకు నీ మాట ఒకటి బాగా నచ్చింది. మాయింటాకు. ఏ నిఘంటువులోనూ లేదట. నేను దానికి అర్థం రాశాను, విను." అని చదివింది. "పోయిన కంటిని తెచ్చే కూర గనక పొన్నగంటి అని పెద్దలంటారు. అలాగే మాయు అంటే మసకబారడం. మాయు కంటి ఆకు, మాయుకంటాకు, మాయింటాకు. అంటే మసకబారిన కంటికి మందు. మీ ఊరివాళ్ళ వైద్యజ్ఞానం అంతా ఈ ఒక్క మాటలో దాగుంది."

కుప్పమ్మ చేతిలో కాఫీ చల్లారిపోయింది. కన్నూ లేదు, మసకా లేదు. అందులో దాగింది ఒక కొత్తకోడలి సిగ్గు. దాన్ని ఈ పిల్ల ఇంత పద్ధతిగా, ఇంత పెద్ద మాటలతో చదువుతుంటే ఆమెకు తన చీర ఎవరో నడివీధిలో ఆరేసినట్టనిపించింది.

"పాపా, ఆ మాట తీసేయి" అంది.

"ఎందుకు?"

"ఊరికినే. పల్లెటూరి మాట, ఎందుకది."

"పల్లెటూరి మాటలే కదా నాకు కావాల్సింది!" పంకజాక్షి నవ్వింది. "వచ్చే నెల మద్రాసు నుంచి ఒక పెద్దాయన వచ్చి నన్ను ప్రశ్నలడుగుతారు. నాకు నలుగురిలో నోరు పెగలదని నీకు తెలుసు కదా. కానీ ఈ మాట గురించి అడిగితే మాత్రం చెప్పగలను. అంతకుముందు మా జయరావు సారు మీ ఊరొచ్చి, ఒకసారి తన చెవులతో వింటానన్నారు. ఈ ఆదివారం వస్తున్నాం."

ఆ రోజు కుప్పమ్మ మిగిలిన కట్టలు అమ్మకుండానే ఇంటికి తిరిగొచ్చింది. దారి పొడవునా లెక్కవేసుకుంది. సారు ఊళ్ళో ఎవర్నడిగినా పొన్నగంటి అనే చెబుతారు. అప్పుడు ఆ పిల్ల తన గురువు ముందు తలదించుకుని నిలబడాలి. నిజం ముందే చెప్పేస్తే పిల్ల పరువు దక్కుతుంది. కానీ నిజం అంటే ఒక్క మాట కాదు. 'మా ఇంటాయన' అని చెప్పుకున్న మనిషి ఆ ఇంట్లో పదేళ్ళుగా లేడని కూడా చెప్పాలి. ఇన్నాళ్ళూ కాఫీ పోసిన చేతుల్లోకి అబద్ధం పెట్టానని చెప్పాలి. అది తలుచుకుంటేనే కాళ్ళు ముందుకు సాగలేదు.

సాగని కాళ్ళు ఆమెను పొరుగింటికి మళ్ళించాయి. వరదమ్మ ఇంటి ముందు నలుగురాడవాళ్ళు చింతకాయలు కొడుతున్నారు. కుప్పమ్మ నిలబడే, నేల చూస్తూ, విషయం చెప్పింది.

"ఆదివారం వొచ్చి అడిగితే, మీరంతా మాయింటాకు అనండే. మీకు పుణ్యముంటాది."

 వరదమ్మ రోకలి పక్కన పెట్టింది.

"అయితే మమ్మల్నందర్నీ నీకు సవతుల్ని సేస్తావా యేమే?"

నవ్వులు చింతకాయల కుప్ప మీద పడి దొర్లాయి. "నా మొగుడు చాలకనా మే, నీ మొగుణ్ణి గూడా నేను మొయ్యాల?" అని ఒకామె. "ఆయన పుత్తూరులో ఒకదానికే సాలక పోతా ఉండాడు, ఈడ నలుగురు కొత్త పెండ్లాలంట!" అని ఇంకొకామె. ఆ రెండో మాట అనగానే ఆమె నాలుక కరుచుకుంది. నవ్వు తెగిపోయింది.

కుప్పమ్మ కొంగు సర్దుకుని వెనుదిరిగింది. తను వెళ్ళి అడగడమే తప్పు. పదేళ్ళు ఎవరూ తన ముందు అనని మాటను తనే వెళ్ళి వాళ్ళ నోట్లో పెట్టింది.

"మే కుప్పీ, ఆగు" అని వరదమ్మ వెనక నుంచి అరిచింది. కుప్పమ్మ ఆగలేదు.

ఆదివారం పదిగంటలకు జయరావు గారూ, పంకజాక్షీ బస్సు దిగి గట్టు మీదుగా నడిచి వచ్చారు. జయరావు గారికి యాభై దాటాయి. తెల్లపంచె తడవకుండా చేత్తో ఎత్తిపట్టుకుని, చెప్పులు ఇంకో చేత్తో పట్టుకుని, చిన్నపిల్లాడిలా ఉత్సాహంగా ఉన్నాడు. ఊటకాలవ పక్క మళ్ళలో వరినాట్లు పడుతున్నాయి. కుప్పమ్మ కాలవలో మోకాళ్ళ దాకా నీళ్ళలో నిలబడి ఉంది. ముందు రోజంతా తిరుపతికి పోయి చెప్పేయాలనుకుంటూనే పోలేదు. 

"ఈమేనా మన కుప్పమ్మ?" అని జయరావు గారు చేతులు జోడించాడు. అంత పెద్దాయన దండం పెడితే ఏం చేయాలో తెలియక కుప్పమ్మ చేతిలోని ఆకుల్ని నీళ్ళలో వదిలేసింది.

ఆయన ఒక కొమ్మ తీసి పైకెత్తి, నాటు వేస్తున్న ఆడవాళ్ళ వైపు చూపించాడు. "ఏమమ్మా, దీన్ని మీరేమంటారు?"

ఆడవాళ్ళు నడుములెత్తారు. కుప్పమ్మ కళ్ళు మూసుకుంది.

"మాయింటాకు సామీ" అంది వరదమ్మ.

"మాయింటాకే సామీ, ఇంకేమనేది?" అంది పక్కామె.

"మా అమ్మకాలం నుంచీ అంతే" అని చివరామె ఇంకాస్త కలిపింది. మొన్న నాలుక కరుచుకున్నది ఆమే. ఎవరి ముఖంలోనూ నవ్వు లేదు. వరదమ్మ పెదవి మాత్రం పళ్ళ మధ్య ఇరుక్కుని ఉంది.

గట్టు మీద ఆవును మేపుతున్న మునిరామయ్య, "ఏందమ్మా, పొన్న..." అని ఏదో అనబోయాడు. "మామా, నీ ఆవు మళ్ళో పడుతుండాది సూడు!" అని నలుగురూ ఒక్కసారిగా అరిచారు. ముసలాయన ఆవు వెనక పరుగెత్తాడు.

పంకజాక్షి గబగబా రాసుకుంటోంది. ఆమె కళ్ళద్దాల మీద చెమట పేరుకుంది. అయినా తుడుచుకోవడం లేదు. కుప్పమ్మకు గుండె బరువు దిగింది. గండం గడిచింది. ఇక ఎవరికీ తెలియదు. ఊరంతా కలిసి తన మానం కాపాడింది. కానీ ఆ దిగిన బరువు చోటే ఇంకేదో ఎక్కుతున్నట్టనిపించింది.

అప్పుడు జయరావు గారు గట్టు మీద తుమ్మచెట్టు కింద కూర్చున్న ముసలామెను చూశాడు. అక్కమ్మ కోడలికి సంగటి తెచ్చి, గిన్నె ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

"అవ్వా, నువ్వు చెప్పు. పాతకాలం మనిషివి. ఈ ఆకు పేరేమిటి?"

అక్కమ్మ ఆకు వైపు చూడలేదు. కాలవలో ఉన్న కోడలి వైపు చూసింది. ఆమెకు ఆ పేరు పలకడానికి అడ్డేమీ లేదు. కన్నది. ముప్పై ఏళ్ళు ఆ పేరుతోనే కొడుకును కేకలేసి పిలిచింది. పదేళ్ళుగా పిలవడం మానేసింది. ఆ పూట పెదవులు రెండుసార్లు కదిలాయి.

"మాయింటాకే నాయనా" అంది అక్కమ్మ. అని గిన్నె మీద గుడ్డ సర్దుకుంటూ తలవంచుకుంది.

జీవితంలో కోడలి మీద కోపమొచ్చినా, కొడుకు మీద ఏడుపొచ్చినా అబద్ధమాడని మనిషి. మెతుకుల చేత్తో తన నోరు మూసిన మనిషి. ఇప్పుడు తన కోసం ముక్కూ మొహం తెలియని పెద్దమనిషి ముందు తల దించుకుంది. కుప్పమ్మ ఇక నిలబడలేకపోయింది. నీళ్ళు చిమ్ముకుంటూ గట్టెక్కింది.

"అది అబద్ధం సామీ" అంది.

జయరావు గారు తిరిగి చూశాడు.

"ఊళ్ళో ఎవరూ అట్లా అనరు. నేనే అంటా. వీళ్ళు నాకోసరం అనినారు, మా అత్త గూడా. అది... ఆ ఆకు పేరులో మా ఇంటాయన పేరుండాది. అందుకని నేను పెట్టుకున్నా ఆ మాట." ఊపిరి పీల్చుకుంది. అక్కడితో ఆపేయొచ్చు. అక్కడితో పరువు దక్కుతుంది. పంకజాక్షి ముఖం చూసి ఆపలేకపోయింది. "ఆయన మా ఇంట్లో లేడు పాపా. పదేండ్లాయె పోయి. పుత్తూరులో వేరే సంసారముండాది. ఇంట్లోనే ఉండాడని నీకు చెప్పినా. అదీ అబద్ధమే."

 జయరావు గారు ఒక్క క్షణం నివ్వెరపోయి, తర్వాత చెప్పులు కింద పడేసి చేతులు చరుచుకున్నాడు.

"ఓహో! పొన్నయ్యా!" అన్నాడు, పొడుపు విప్పిన సంతోషంతో. "అమ్మాయ్, ఇది మరీ బాగుంది! మన అర్థం పోతే పోనీ. భర్త పేరు పలకకుండా ఆడవాళ్ళు కల్పించుకున్న మాటలు! దీని మీద ఒక అధ్యాయమే రాయొచ్చు. రాసుకో, రాసుకో. అవునమ్మా, ఆయన వెళ్ళిపోయాక కూడా ఆ మాటే ఎందుకు వాడుతున్నావు?"

 కుప్పమ్మ చీర కుచ్చిళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. పంట పొలం మధ్య అంతమంది ముందు ఒంటిమీద బట్ట లేకుండా నిలబడ్డట్టు రెండు చేతులూ గుండెకు అడ్డం పెట్టుకుంది.

"వద్దు సార్" అంది పంకజాక్షి.

"ఎందుకొద్దు?"

"ఆమె మనకు చెప్పలేదు సార్. మనం వినేశాం, అంతే." ఆ పిల్ల గొంతు వణికింది, కానీ మాట మాత్రం కాలవ అవతలి దాకా వినిపించింది. నోటుబుక్కు మూసేసింది. బుగ్గలు కందిపోయి ఉన్నాయి. "బస్సుకు టైమైంది సార్" అని, కుప్పమ్మ వైపు చూడకుండా గట్టు మీద ముందుగా నడిచిపోయింది.

జయరావు గారు చెప్పులు ఏరుకున్నాడు. మళ్ళీ మునుపటిలాగే దండం పెట్టి, ఆమె వెనక వెళ్ళాడు.

వరదమ్మ గట్టెక్కి వచ్చి, "పిచ్చిదానా, అంతా దాటిపోయినాక ఎందుకు సెప్పినావే?" అంది.  అక్కమ్మ సంగటి గిన్నె తెరిచి కోడలి ముందు పెట్టింది. "తిను" అంది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా తిన్నారు.

ఆ తర్వాత చాలా వారాలు కుప్పమ్మ తీర్థకట్ట వీధి వైపు పోలేదు. వేరే వీధుల్లో అమ్ముకుంది. ఆ పిల్ల చూడకుండా వెళ్ళిపోయిన తీరు తలపుకొచ్చినప్పుడల్లా గంప బరువెక్కేది. నమ్మినదాన్ని నవ్వులపాలు చేసింది. మద్రాసు పెద్దాయన ముందు నోరు పెగలక ఆ పిల్ల ఎన్ని అవస్థలు పడిందో. చదువే ఆగిపోయిందేమో. అడగడానికి కూడా తనకు ముఖం లేదు.

సంక్రాంతి దాటాక ఒక మధ్యాహ్నం పంకజాక్షే బస్టాండు దగ్గర ఆమెను పట్టుకుంది. పరుగెత్తుకొచ్చినట్టుంది, ఆయాసపడుతోంది.

"అక్కా, ఎన్ని రోజులు వెతకాలి నీకోసం? రా, నీకొకటి చూపించాలి."

ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి, నీలం అట్ట వేసిన లావు పుస్తకం తెచ్చింది. పరీక్ష అయిపోయిందని, పాసయ్యానని చెప్పింది. మద్రాసు పెద్దాయన గలిజేరు గురించి అడిగితే, కుప్పమ్మ చెప్పినదంతా చెప్పిందట. ఆ ఆదివారం ఎందుకలా వెళ్ళిపోయిందో కూడా చెప్పింది. "నీ మీద కోపం కాదు. నాలుగు నెలలు నీ పక్కన కూర్చుని నీ మాటలన్నీ రాసుకున్నాను. నీ గురించి ఒక్క ముక్క తెలుసుకోలేదు. నీ మొహం చూడ్డానికి సిగ్గేసింది."

కుప్పమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. పంకజాక్షి పేజీలు తిప్పుతూ ఒక్కో పేరూ చదివింది. చిర్రాకు, కాలవపల్లె. దొగ్గలాకు, కాలవపల్లె. గురుగాకు, కాలవపల్లె. ప్రతిదాని పక్కనా ఊరి పేరుంది. వింటుంటే తన ఊరు ఎంతో పెద్దదైనట్టనిపించింది.

"ఇదిగో, పొన్నగంటి ఇక్కడుంది. దీని కింద ఏమీ లేదు. కొట్టేశాను. మా సారు ఎంత చెప్పినా ఒప్పుకోలేదు. నీ సంగతి ఎక్కడా ఒక్క అక్షరం లేదక్కా, భయపడొద్దు."

"మంచిపని సేసినావు పాపా" అంది కుప్పమ్మ.

నిజంగానే అలా అనుకుంది. పెద్ద గండం తప్పింది. మొగుడొదిలేసినదాని ముచ్చట పుస్తకాలకెక్కలేదు. కానీ పంకజాక్షి పేజీ తిప్పేయబోతుంటే ఆమె చేయి తనంతట తనే చాచుకుని ఆ పేజీ మీద పడింది.

ఆకుల పేర్లన్నీ ఎవరెవరో పెట్టినవి, ఏనాటివో. తను పుట్టాక తన నోట కొత్తగా పుట్టిన మాట ఆ ఒక్కటే. పదహారేళ్ళ పిల్ల ఒక రాత్రంతా ఆలోచించి కట్టుకున్న మాట. దాన్ని విని ఒక మనిషి నవ్వాడు. ఆ నవ్వు నిజమే. ఆ తర్వాత అతనేం చేసినా, ఆ పొద్దు ఆ నవ్వు నిజమే. ఆ మాట ఈ పుస్తకంలో ఎక్కడో ఒక మూల ఉంటే బాగుండునని తనకు ఉందని కుప్పమ్మకు ఆ క్షణాన తెలిసింది. తెలిసిన మరుక్షణం చెంపలు కాలిపోయాయి. వదిలేసిపోయినవాడి నవ్వు కోసం, ఈ వయసులో, పైగా తనే ఊరందరి ముందు కొట్టేయించుకున్న మాట కోసం.

"పాపా, మొదట రాసుకున్న నోటుబుక్కు ఉండాదా?"

ఉంది. పంకజాక్షి లోపలికి పోయి తెచ్చింది. ఆ పేజీ తీసి చూపించింది. మాట మీద అడ్డంగా ఒక గీత ఉంది. గీత కింద అక్షరాలు చెదరకుండానే ఉన్నాయి.

చదువురాని కుప్పమ్మ వేలు ఆ గీత మీద ఒక కొస నుంచి ఇంకో కొస దాకా పోయింది. అంతలోనే ఆగింది. ఆ మాట ఎంతో పొడుగుంటుందనుకుంది.

"ఎన్నక్షరాలు పాపా?"

"నాలుగు."

"నాలుగేనా?" అంది కుప్పమ్మ. అలా ఎందుకడిగిందో ఆ పిల్లకు అర్థమైపోయిందేమోనని బెదిరి, ముఖం పక్కకు తిప్పుకుని గంప కోసం వంగింది.